వంతు కర్ర

నా రాతలో తప్పులుంటే ముందే మన్నించండి. అక్షరాలు నా చేతికొచ్చేసరికి జుట్టు సగం నెరిసిపోయింది. ఒక్కో అక్షరం వెతుక్కుని వేలితో నొక్కుతాను. ఒక వాక్యం పూర్తయ్యేలోగా పొయ్యి మీద పాలు పొంగుతాయి. దించి వచ్చేసరికి ఏం చెప్పబోయానో మర్చిపోతాను. అప్పుడు ఫోనునే అడుగుతాను. నేను రాసిందంతా అది పైకి చదివి వినిపిస్తుంది. ఎక్కడ తడబడిందో అక్కడ నేను తప్పు రాశానన్నమాట. దిద్దుకుని మళ్ళీ మొదలుపెడతాను.

ఇది ఆ ఫోను గొంతు కథే. మా కోడలు చినారా కథ కూడా.

మేం పామిర్ కొండల మీంచి దిగివచ్చినవాళ్ళం. నా పెనిమిటి అక్కడి మట్టిలోనే ఉండిపోయాడు. నేనూ నా కొడుకు తుర్దాకునూ వచ్చి నారిన్ ఏటి పక్కన ఈ ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాం. చినారా ఈ ఊరి పిల్లే. బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. కన్నతల్లిని పిలిచినట్టే నన్నూ 'అపా' అని పిలుస్తుంది. కాపురానికి వచ్చిన మొదటి చలికాలంలోనే నా చేతికి ఒక ఫోను ఇచ్చి, "ఏ మాట కావాలంటే ఆ మాట కొట్టండి అపా, ఇది పలుకుతుంది" అంది.

నేను మొట్టమొదట రాసిన మాట మా మామగారి పేరు. కోడలు మామగారి పేరు పలకడం మాలో లేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ, పోయాక కూడా, ఆ పేరు నా నోట రాలేదు. చినారా నా వేలు పట్టుకుని ఒక్కో అక్షరం నొక్కించింది. ఫోను ఆ పేరుని వంటింట్లో గట్టిగా పలికేసింది. నేను తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"తాతకి సిగ్గులేని కోడలు దొరికింది" అని తుర్దాకున్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. మీరూ ఫోను చేత చదివించుకుంటారేమో.

ఆ గొంతు పేరు ఊన్. దాన్ని మొదలుపెట్టింది చినారా కాదు. బిష్కెక్‌లో చదువుకునే ఒకబ్బాయి మొదలుపెట్టి, ఉద్యోగం రాగానే వదిలేశాడు. దారిలో అరుస్తున్న గొర్రెపిల్లని చూసి దాటిపోలేక ఎత్తుకున్నట్టు చినారా దాన్ని ఎత్తుకుంది. ఎవరూ చెయ్యమనలేదు. జీతమూ లేదు. దేశంలో చూపు లేనివాళ్ళ ఫోన్లలో ఆ గొంతు ఉత్తినే పలుకుతుంది. దాని లోపలి పనితనం కూడా దాచిపెట్టరు. ఎవరైనా తెరిచి చూడొచ్చు, బాగాలేనిచోట మరమ్మతు చేసి పంపొచ్చు. పంపినదాన్ని లోపలికి రానివ్వాలా వద్దా అన్నది మాత్రం తాళంచెవి ఉన్నవాళ్ళ ఇష్టం. ఇనప తాళంచెవి కాదు, ఒక రహస్యపు మాట లాంటిది. అది ఒక్క చినారా దగ్గరే ఉండేది. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ.

కొన్నేళ్ళకి, ఊళ్ళో మంచు కరుగుతుండగా ఫోన్లన్నిటికీ ఎక్కడినుంచో ఏదో కొత్త మార్పు వచ్చిపడింది. అప్పటినుంచి ఊన్ వాక్యాల తోకలు మింగేయడం మొదలుపెట్టింది. మా భాషలో అసలు సంగతంతా తోకలోనే ఉంటుంది. బస్సు వచ్చిందో రాలేదో, మందు వేసుకోవాలో వద్దో చివరి మాట వింటేనే తెలుస్తుంది. ఆ మాటే మాయమైపోయింది.

ఇక ఫిర్యాదులు. చినారా రొట్టెల పిండి పిసుకుతూ, చేతులు ఖాళీ లేక వాటిని ఊన్ చేతే చదివించుకునేది.

"చేతకాకపోతే అసలు ఎందుకు..." అంది ఫోను.

"ఎందుకు, ఏమిటట?" అన్నాను.

"ఎందుకు పెట్టుకున్నావు అని, అపా. తోక మింగేసింది."

"మంచిపని చేసింది."

తర్వాతది ఇంకాస్త మర్యాదగా ఉంది. మా ప్రయాణికులు చాలా ఇబ్బంది పడుతున్నారు, శుక్రవారంలోగా సరిచేసి తెలియజేయ... అని ఆగిపోయింది.

"వీళ్ళెవరే?"

"బస్సుల్లో స్టాపుల పేర్లు చెప్పించే కంపెనీ వాళ్ళట. ఊన్‌ని తీసుకెళ్ళి బస్సుల్లో పెట్టుకున్నారు. నాకూ ఇప్పుడే తెలిసింది."

"తీసుకెళ్ళేటప్పుడు ఒక్క మాట చెప్పలేదా?"

"చెప్పక్కర్లేదు అపా. ఎవరైనా తీసుకోవచ్చు."

"అయితే ఎవరైనా బాగుచేసుకోవచ్చు కూడా కదా?"

చినారా నవ్వింది. నుదుటి మీద పిండి. కానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు.

మా ఇంటి గోడలు లేపిన రోజు ఊరంతా అషర్‌కి వచ్చింది. అంటే కూలి లేకుండా చెయ్యి సాయానికి వచ్చింది. ఎవరి పార వాళ్ళు తెచ్చుకున్నారు, మేం కుండెడు మాంసం వండిపెట్టాం. తుర్దాకున్‌కి అది గుర్తొచ్చినట్టుంది. బూట్లు తొడుక్కుంటూ అన్నాడు: "అషర్‌కి ఉత్త చేతులతో వచ్చి, మాంసం ఇంకా ఉడకలేదా అని మూత ఎత్తి చూసే రకం వీళ్ళు." వాడికి కజర్మాన్ కనుమ మీద మంచు తోసే పని. యంత్రం వేసుకుని వెళ్తే వారాలపాటు రాడు.

వాడు వెళ్ళిపోయాక ఒకరోజు చినారా ఆవు దగ్గర ఉండగా ఆమె ఫోను మోగింది. నేను తీశాను.

"సలాం టీచరుగారూ! మంచు పడకముందు పంపాను. మంచు కరిగిపోయింది. మీ మనసు ఇంకా కరగలేదా?"

"టీచరుగారు ఆవు పాలు పిండుతోంది. నేను అత్తగారిని."

అవతల గొంతు ఒక్కసారిగా చిన్నదైంది. "అయ్యో. తప్పయింది అపా."

"తప్పు సంగతి తర్వాత. ఏం పంపావు? మా ఇంటికేం రాలేదే, మాంసంగానీ చక్కెరగానీ."

అతను పగలబడి నవ్వాడు. పేరు ఎర్గెష్. ఉండేది ఉజ్గెన్‌లో. పుట్టుకతోనే చూపు లేదు. నడుములు, మోకాళ్ళు పట్టే పని చేస్తాడు. ఊన్ వింటూ వింటూ కంప్యూటరు పని నేర్చుకుని, ఊన్‌కే మరమ్మతులు రాయడం మొదలుపెట్టాడట.

"మీ కోడలు సరిహద్దు చెక్‌పోస్టులో సిపాయి లాంటిది అపా. మొదటిసారి పంపితే పేర్లు సరిగా పెట్టలేదు, మార్చు అంది. మార్చాను. రెండోసారి, ఇది పెద్దదిగా ఉంది, రెండు ముక్కలు చెయ్యి అంది. చేశాను. మూడోసారి పంపితే ఉలుకూ లేదు పలుకూ లేదు. తోకలు మింగే జబ్బుకి కూడా మొన్ననే మందు పంపాను. దానికీ అంతే. నాకు అది గొంతు కాదు, కళ్ళు. ఎవరికి చెప్పుకోను?"

"నాకు చెప్పుకున్నావుగా" అన్నాను. మనిషి నాకు నచ్చాడు. కాస్త డబ్బా కొట్టుకునే రకమే, కానీ నచ్చాడు.

పాల బకెట్టుతో లోపలికి వచ్చిన చినారాని అడిగాను, ఆ ఉజ్గెన్ మనిషికి జవాబివ్వవేమని. బకెట్టు ఠక్కున కింద పెట్టింది.

"మీకు తెలీదు అపా. కిందటేడు ఎవరో పంపినదాన్ని పూర్తిగా చూడకుండా రానిచ్చాను. నోరూజ్ పండగ నాడు దేశంలో ఎక్కడా ఊన్ నోరు తెరవలేదు. పంపినవాడు పత్తా లేడు. తిట్లు తిన్నది నేను. పండగ పూట కూర్చుని బాగుచేసింది నేను. ఆ రోజు మీరు వండిన సుమలక్ పాయసం కూడా నేను తినలేదు, గుర్తుందా?"

గుర్తుంది. గిన్నె అలాగే చల్లారిపోయింది.

"ఈయన మంచివాడే కావచ్చు. చూసే తీరిక నాకేది? చూడకుండా ఎలా రానివ్వను?"

అదీ నిజమే. నేను పాలు వడకట్టుకున్నాను.

మా ఊళ్ళో వేసవి కొండలకు వెళ్ళేముందు గొర్రెలన్నీ ఒకే మందగా మేస్తాయి. కాపరి ఉండడు. ఇంటికొక వంతు. దానికో కర్ర ఉంది, పట్టుకునేచోట నున్నగా అరిగిపోయింది. సాయంత్రం ఆ కర్ర మీ గుమ్మానికి ఆని ఉంటే రేపటి వంతు మీది. ఇంట్లో జబ్బో, చావో, పెళ్ళో ఉంటే తీసుకెళ్ళి పక్క గుమ్మానికి ఆనిస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. పొద్దున్నే ఎవరు కర్ర ఎత్తితే వాళ్ళ వెనక గొర్రెలు నడుస్తాయి.

కర్ర మా గుమ్మానికి వచ్చింది. తుర్దాకున్ కనుమ మీద ఉన్నాడు. నా మోకాలు వాచి ఉంది. చినారాకి బడి సెలవు.

"పక్కింటికి ఆనించేద్దామా?" అన్నాను.

"ఎందుకు? నేను వెళ్తాను" అంది. ఫోను కోటు జేబులో పెట్టుకుంది.

కొండ వాలులో ఒకచోట సిగ్నలు అందుతుంది. ఆమె అక్కడ కూర్చుంది. ఫిర్యాదులకు జవాబులు రాస్తూ తల వంచిన మనిషి ఎత్తేసరికి మంద దిగువన, మా పక్కింటి సోవెత్ ముసలాయన లూసర్న్ గడ్డి పొలంలో ఉంది. లేత లూసర్న్, మంచు తడి ఆరలేదు. గొర్రెకి అంతకంటే ఇష్టమైనదీ లేదు, అంతకంటే చేటూ లేదు. ఆమె పరుగెత్తి అన్నిటినీ బయటికి తోలింది కానీ, ఒక గొర్రె కడుపు అప్పటికే డోలులా ఉబ్బింది. అది సోవెత్‌దే. కోయక తప్పలేదు.

సాయంత్రం సోవెత్ సగం మాంసం పళ్ళెంలో పెట్టుకుని మా ఇంటికే వచ్చాడు.

"పామిర్ చెల్లీ, పెద్ద కుండ పెట్టు. గొర్రె పోయింది, కూర మిగిలింది."

చినారా గుమ్మం దగ్గర నిలబడింది. "మా గొర్రెల్లో మీకు నచ్చినది తోలుకెళ్ళండి తాతా."

"తోలుకెళ్తాను. అది రివాజు, మొహమాటం లేదు." ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఒక్కటి అడుగుతాను. ఒంట్లో బాగాలేనప్పుడు కర్ర మా గుమ్మానికి ఆనించొచ్చు కదా?"

"నేను బాగానే ఉన్నాను."

"ఇది బాగున్న మొహమేనా? కళ్ళకింద చూసుకో, బొగ్గు పూసినట్టుంది. లేకపోతే మాకు గొర్రెలు కాయడం రాదనుకున్నావా టీచరమ్మా? నువ్వు పుట్టకముందునుంచీ కాస్తున్నాం."

ఆమె మాంసం తినలేదు. నేను ఎముక నుంచి ఒలిచి మంచి ముక్క ఆమె ముందు పెడితే, దాన్ని జరిపి జరిపి పళ్ళెం అంచుకి చేర్చింది.

మర్నాడు టీ పోస్తుంటే చెప్పింది. "ఊన్‌ని మూసేస్తున్నాను అపా. ఈ నెలాఖరు వరకే. అందరికీ రాసి పెట్టేశాను."

నా చేతిలో టీ కెటిల్ అలాగే ఉండిపోయింది. నేనింకా చిన్న చిన్న వాక్యాల దగ్గరే ఉన్నాను. ఆ గొంతు లేకుండా ఒక్క పేజీ చదవలేను. అది చెబితే ఆమె ఇంకో చలికాలం కూర్చుని మరీ ఈడుస్తుందని తెలుసు. అందుకని నా సంగతి ఎత్తలేదు.

"ఆ ఉజ్గెన్ మనిషికి?"

"ఇంకేదో దొరుకుతుంది."

"ఏది?"

ఆమె టీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని కిటికీ వైపు చూసింది. మా భాష పలికేది ఇంకొకటి లేదని ఆమెకి నాకంటే బాగా తెలుసు.

కజర్మాన్ కనుమ తెరుచుకుంది. తుర్దాకున్ ఇంటికి వచ్చాడు. ఒక్కడే రాలేదు. పక్క సీట్లో నల్లకళ్ళద్దాల మనిషి, ఒళ్ళో బియ్యం సంచి.

"అమ్మా, ఇతని టాక్సీ కనుమ మీద చెడిపోయింది. ఎక్కడికయ్యా అంటే మన ఇంటి పేరు చెప్పాడు. నేను దారి తెరిచింది ఇతని కోసమే అనుకుంటా!"

"సలాం అపా" అన్నాడు ఎర్గెష్. "ఉత్త చేతులతో రాలేదు. ఉజ్గెన్ బియ్యం. నా కర్ర మాత్రం ఆ టాక్సీ తలుపులో పడి విరిగిపోయింది. టీచరుగారు ఎక్కడ? నేను తిట్టడానికి వచ్చాను."

"ముందు టీ తాగు" అన్నాను.

"తాగి తిడతాను."

చెప్పినట్టే చేశాడు. గిన్నె ఖాళీ చేసి, అంచు తుడిచి, మొదలుపెట్టాడు. "మూసేస్తారా? మీ ఒక్కరి సొత్తా అది?"

"ఒక్కదాన్నే మోశాను కదా, ఒక్కదాని సొత్తే" అంది చినారా. ఆమె గొంతు అంత పైకి లేవడం నేను ఎప్పుడూ వినలేదు. "మీరు పంపిన మందు చూశాను. తోకలు వస్తాయి. కానీ మధ్యలో రష్యన్ మాట తగిలితే నోరు మూసుకుంటుంది. ఊళ్ళ పేర్లు సగం రష్యన్‌లోనే ఉన్నాయి."

"ఆ ముక్క నాకు చెప్పారా?"

"చెప్పడానికి తీరిక ఏది? ఒక్కదాన్నే."

"ఒక్కరే ఎందుకున్నారు?"

"ఎవరు నిలబడ్డారు? ఒకసారి పంపుతారు, పారిపోతారు."

"నేను మంచు పడకముందు నుంచీ మీ గుమ్మం దగ్గరే నిలబడ్డాను కదమ్మా" అన్నాడు ఎర్గెష్. ఈసారి వెటకారం లేదు.

తుర్దాకున్ రొట్టె ముక్కని మరీ చిన్నచిన్న ముక్కలు చేస్తూ కూర్చున్నాడు. నేను మళ్ళీ టీ పోశాను. ఆ పూట ఉజ్గెన్ బియ్యంతో పులావు వండాను. బాగుందని ఇద్దరూ నాకు చెప్పారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

ఇళ్ళన్నీ తిరిగి ఆ సాయంత్రమే వంతు కర్ర మళ్ళీ మా గుమ్మానికి చేరింది. హడావిడిలో ఆ సంగతి మా అతిథికి ఎవరూ చెప్పలేదు.

తెల్లవారి నేను పొయ్యి రాజేస్తుంటే వీధిలో కేక. "అపా! అపా! ఇవేమిటి? నన్ను చుట్టేస్తున్నాయి!"

బయటికి వెళ్ళి చూస్తే, వీధి నిండా గొర్రెలు. వాటి మధ్య ఎర్గెష్, పైజమా మీద తుర్దాకున్ కోటు తొడుక్కుని, చేతిలో వంతు కర్రతో. పెరట్లోకి పోదామని లేచి, గోడ తడుముకుంటూ వచ్చి, గుమ్మానికి ఆనిన కర్ర చేతికి తగిలితే ఊతకర్ర దొరికిందనుకున్నాడట. తీసుకుని, పెరడు అటే అనుకుని వీధి చివరిదాకా నడిచాడు. కర్ర కదలడం చూసి ఇంటింటివాళ్ళూ దడి తలుపులు తీసి గొర్రెల్ని వదిలేశారు.

"కర్ర ఎవరెత్తితే వంతు వాళ్ళది!" అని సోవెత్ గోడ మీంచి అరిచాడు. ఆడవాళ్ళు తలగుడ్డల్లో మొహాలు దాచుకుని నవ్వుతున్నారు.

చినారా పరుగున వచ్చింది. "ఆయన అతిథి! ఆయనకి తెలీదు. అన్నా, కర్ర ఇలా ఇచ్చేయండి, నేను వెళ్తాను."

ఎర్గెష్ కర్రని ఒంటికి దగ్గరగా పట్టుకున్నాడు. "ముందు చెప్పండి, ఎత్తితే ఏమవుతుంది?"

చెప్పింది. ఆయన తల పంకించాడు. "అయితే నేనే వెళ్తాను."

"మీకు కనపడదు కదా!"

"కళ్ళు మీరు తెచ్చుకోండి. కర్ర నా దగ్గరుంటుంది."

సోవెత్ గోడ దిగి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. దగ్గుతున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు.

నేను గాడిదెక్కి కొండ మొదలుదాకా వాళ్ళ వెంట వెళ్ళాను. ఆయన కాపుదల చూడాలి! గొర్రెలు కుడివైపు పోతుంటే ఎడమవైపు తిరిగి అదిలిస్తాడు. బెదిరి అవి నాలుగు దిక్కులా చెల్లాచెదురవుతాయి. చినారా పరుగెత్తి మళ్ళించి తెస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆయన చేతిలోంచి కర్ర లాక్కుంటుంది.

"ఇలా కాదు, ఇటు చూడండి..."

"చూడలేను. చెప్పండి."

"మీరు తప్పుగా తోలుతున్నారు!"

"తోలుతాను. మొదటిరోజు కదా. అరవండి, తిట్టండి, చెప్పండి. కర్ర మాత్రం లాక్కోకండి. లాక్కుంటే నాకెప్పటికి వస్తుంది?"

చినారా రొప్పుతూ నిలబడింది. చేతిలో కర్ర. గాలికి జుట్టు మొహం మీద పడుతోంది, తోసుకోవడం లేదు. కాసేపటికి కర్ర తీసి ఆయన చేతిలో పెట్టింది. నేను గాడిదని వెనక్కి తిప్పాను. వాళ్ళకి రొట్టె, పెరుగు తేవాలి కదా.

మధ్యాహ్నం మూట కట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఎర్గెష్ ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. కర్ర ఒళ్ళో అడ్డంగా ఉంది. ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పక్కన గడ్డిలో చినారా వెల్లకిలా పడి నిద్రపోతోంది, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా. ఫోను కోటు జేబులోంచి జారి గడ్డిలో పడి ఉంది.

గాడిద అడుగుల చప్పుడికి ఆయన వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "ష్. ఇప్పుడే నిద్రపట్టింది."

"గొర్రెలేవి?" అన్నాను గుసగుసగా.

"మీరే చెప్పాలి అపా. నాకు కనపడవుగా."

చూశాను. వాలు మీద చెదిరి మేస్తున్నాయి. లూసర్న్ వైపు ఒక్కటీ లేదు. దిగువన పొలం గట్టు మీద సోవెత్ కూర్చుని ఉన్నాడు. వంతు ఆయనది కాదు. ఊరికే ఎండకి కూర్చున్నాడట, తర్వాత చెప్పాడు.

రొట్టె మేమిద్దరమే తిన్నాం. ఆమెని లేపలేదు.

ఇంటికొచ్చాక చినారా మొహం కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. ఎర్గెష్ పక్కన కూర్చుని వింటున్నాడు. నేను బోర్సోక్ పిండి ముద్దలు నూనెలో వేస్తున్నాను. ఊన్ గొంతు వినపడింది.

"ఎర్గెష్‌కి తాళంచెవి..."

అంతే. తోక మింగేసింది. ఇచ్చిందో, ఇవ్వనందో తెలీలేదు. తిరిగి చూస్తే ఇద్దరి వీపులే కనిపిస్తున్నాయి. అడగాలనిపించింది, అడగలేదు. బోర్సోక్ నూనెలో ఎర్రగా పొంగాయి.

చినారా లేచి ఆవలించింది. "అన్నా, రేపు ఆ బస్సుల వాళ్ళకి మీరే జవాబు రాయండి. నేను పడుకుంటాను." దారిలో వంతు కర్ర తీసుకుని సోవెత్ గుమ్మానికి ఆనించి వచ్చింది.

ఎర్గెష్ ఇంకొన్నాళ్ళు ఉన్నాడు. రష్యన్ మాటల సంగతి ఇద్దరూ కూర్చుని పోట్లాడుకుంటూ తేల్చారు. మధ్యలో తీరికైతే నా మోకాలు పట్టేవాడు. ఆ చేతుల్లో ఏముందోగానీ నేను గాడిద లేకుండా ఏటిదాకా నడిచాను. ఆయన వెళ్ళిన మర్నాడు నేను ఫోను తీసి, నా పేరు పెట్టి ఎప్పుడూ రాసే మాటే రాశాను. ఊన్ చదివింది. "ఈ రోజు ఆక్‌బూబు ఆవు పాలు పిండింది." చివరి మాటదాకా, పూర్తిగా. వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మళ్ళీ చదివించుకున్నాను.

బస్సుల వాళ్ళకి ఎర్గెష్ ఏం రాశాడో తెలుసా? పార పట్టుకుని రండి అని. వాళ్ళు ఇప్పటికీ రాలేదు.

ఆ వేసవి చినారా మాతో మేత కొండలకు వచ్చింది. అంతకుముందు ఏళ్ళలో, సిగ్నలు లేదని, ఊన్‌ని వదిలి రాలేనని కిందే ఉండిపోయేది. గుర్రాల పాలు పిండటం మర్చిపోయిందని తుర్దాకున్ ఏడిపించాడు. వారం తిరక్కుండా వాడికంటే ముందు బకెట్టు నింపింది. కళ్ళకింద బొగ్గు చెరిగిపోయింది. అప్పుడప్పుడు గుర్రప్పాలు పులియబెట్టే కిమిజ్ తోలుసంచి చిలుకుతూ చిలుకుతూ ఆగి, లోయ దిగువకి చూసేది.

"ఏమిటే?" అనేదాన్ని.

"ఏం లేదు అపా. బాగానే ఉండుంటుంది కదా?"

"ఉంటుంది" అనేదాన్ని.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. చినారాకి ఈ రోజు వరకు తెలీదు. ఇది చదివితేనే తెలుస్తుంది.

ఆ వేసవి మధ్యలో నేను పిండి కోసం ఊరికి దిగాను. సిగ్నలు అందగానే నా ఫోనులోకి కొత్త ఊన్ వచ్చిపడింది. రాసింది చదివించుకుంటే, ప్రతి వాక్యమూ ప్రశ్నలా పలుకుతోంది. 'ఈ రోజు ఆక్‌బూబు ఊరికి వచ్చిందా?' అన్నట్టు. మామగారి పేరు కొడితే ఆయన్నే సందేహిస్తున్నట్టు పలికింది. ఎర్గెష్‌కి ఫోను చేశాను.

"తెలుసు అపా, తెలుసు" అన్నాడు. చెమటలు పట్టిన మనిషి గొంతు. "నాదే తప్పు. తొందరపడి రానిచ్చాను. దేశమంతా నన్ను తిడుతోంది. స్టాపు వచ్చిందా అని బస్సే మమ్మల్ని అడుగుతోంది అంటున్నారు! బాగుచేస్తున్నాను. తాలాస్ నుంచి ఒకమ్మాయి కూడా సాయం కూర్చుంది."

"తిట్లు ఎలా ఉన్నాయి?"

"చాలా ఘాటుగా ఉన్నాయి అపా. టీచరుగారు ఇన్నేళ్ళు ఎలా తిన్నారో. ఆమెకి చెప్తారా?"

చెబితే ఆమె రాత్రికి రాత్రి గుర్రమెక్కి దిగివస్తుంది. బాగుచేస్తుంది కూడా, అతనికంటే త్వరగా. అదే నా భయం.

"నేను పిండి కోసం వచ్చాను, పిండి తీసుకుని పోతాను" అన్నాను.

సంచులు గుర్రం మీద వేసుకుని పైకి వెళ్ళాను. చినారా ఎదురొచ్చి కళ్ళెం పట్టుకుంది.

"కింద అంతా బాగానే ఉందా అపా?"

"సోవెత్‌కి జలుబు చేసింది" అన్నాను. "పిండి బాగుంది."

ఆకులు పసుపెక్కాక అందరం కిందికి దిగాం. చినారా వంటింటి గడప దాటుతూనే ఫోను తీసి ఊన్‌ని పలికించింది, నిలబడే విన్నది. ఎప్పటిలాగే ఉంది. ఇంకాస్త నెమ్మదిగా, స్పష్టంగా కూడా ఉంది. "ఏం కాలేదు అపా, అంతా బాగానే ఉంది!" అంది. కొంచెం సంతోషంగా, కొంచెం చిన్నబుచ్చుకుని. నేను పొయ్యి ఊదుతూ కూర్చున్నాను. పొగకి కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు తాళంచెవి నలుగురి దగ్గర ఉంది, ఆ తాలాస్ అమ్మాయితో కలిపి. నెలకొకరి వంతు. వంతు మారిన రోజు ఎర్గెష్ ఫోను చేసి, "టీచరుగారూ, కర్ర మీ గుమ్మానికి ఆనించాను" అంటాడు. ఒంట్లో బాగాలేకపోతే ఆమె "నేను తాలాస్ గుమ్మానికి ఆనిస్తున్నాను" అంటుంది. ఎందుకని ఎవరూ అడగరు.

రాసిందంతా ఊన్ ఇప్పుడే ఒకసారి చదివి వినిపించింది. నాలుగైదు చోట్ల తడబడింది, దిద్దాను. ఇంకా ఎక్కడైనా మిగిలితే అది నా తప్పే, దానిది కాదు.

ఆక్‌బూబు, అరవై రెండేళ్ళు. నారిన్ ఏటి ఒడ్డున, సోవెత్ ఇంటి పక్క ఇల్లు.